ఇంకొంచెం తిప్పు

నేను ఒక టీవీ యాంటెన్నాను. ఈ కాలం పిల్లలకు నా సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను: పొడవాటి ఇనుప గొట్టం, దాని తలమీద అడ్డంగా అల్యూమినియం కడ్డీలు, అదీ నా రూపం. బెజవాడలో ఒక షెడ్డులో బిగించి, బస్సు టాపు మీద చీరాల పంపారు. హైస్కూల్లో గుమాస్తా కోటిలింగంగారు నన్ను భుజానికెత్తుకుని ఇంటికి తెస్తుంటే వీధి వీధంతా వాకిట్లోకి వచ్చి చూసింది. అబద్ధమెందుకు, నాకు కాస్త పొగరెక్కింది.

ఆ పొగరు ఎన్నాళ్లో నిలవలేదు. సముద్రపు గాలి గట్టిగా వీస్తే చాలు, నా తల పక్కకు తిరిగిపోయేది. కింద టీవీలో బొమ్మ పోయి చుక్కలొచ్చేవి. అప్పుడు ఆయన భార్య సుభాషిణి డాబా ఎక్కి నన్ను తిప్పాలి. టీవీ మీద ఇంకొకరు చెయ్యి వేస్తే కోటిలింగంగారు ఊరుకోరు, అందుకని ఆయన కింద, ఆవిడ పైన.

"వచ్చిందా?"

"రాలేదు, ఇంకొంచెం తిప్పు."

కొన్ని సాయంత్రాలు ఎంత తిప్పినా రాలేదనే జవాబు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆవిడ మాత్రం జడ విప్పుకుని, నన్ను ఆనుకుని గాలికి నిలబడేది. పక్క డాబా మీది అమ్మాయితో కబుర్లు చెప్పేది. పెరట్లోంచి అత్తగారు కోడల్ని కేకేస్తే కొడుకే జవాబు చెప్పేవాడు, ఇంకా కుదర్లేదమ్మా అని. ముసలమ్మ కోపమంతా నా మీదే. పాడు గొట్టమనీ, దండగమారిదనీ ఆ ఇంట్లో నేను పడ్డన్ని తిట్లు ఇంకెవరూ పడలేదు.

తర్వాత కేబుల్ వచ్చింది. నన్ను ఎవరూ దించలేదు, చూడనూ లేదు. మనుషుల పద్ధతే అంత. నాకు ఒక దండెం కట్టారు, కాకులు వచ్చి వాలేవి. ముసలమ్మ పోయింది. సుభాషిణిగారికి మోకాళ్ల నొప్పులొచ్చాయి. మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేక ఆవిడ పైకి రావడమే మానేసింది. ఆవిడ రాని డాబా నాకేం బాగుండేది కాదు.

మొన్న ఎండాకాలంలో, ఊరికే పోయే ఎండను పట్టి కరెంటు చేసుకుందామని కోటిలింగంగారికి బుద్ధి పుట్టింది. సోలార్ పని చూసే రెహానా అనే అమ్మాయి వచ్చి, డాబా అంతా కొలిచి, ఎండను పట్టే పలకలు ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడల్లా సుద్దముక్కతో గీసింది. ముందు వరుసలో నాలుగు, వెనక నాలుగు, అన్నిటినీ ఒకే తీగలో ఒకదాని తర్వాత ఒకటి కలుపుతానంది. అలా కలిపినప్పుడు ఒక్క పలక మీద నీడ పడినా మిగతావన్నీ నీరసిస్తాయట. ఆ నీడ నాదే. ఎండాకాలం నా కాళ్ల దగ్గరే ముడుచుకుని ఉంటుంది కానీ, చలికాలం వచ్చిందంటే వెనక వరుస దాకా సాగుతుంది. ఆ అమ్మాయి ఫోనులో సూర్యుడి దారి చూసి పట్టేసింది. నన్ను తీసేయాలంది.

ఆయన ససేమిరా అన్నారు. పలకల్ని అటు జరపమన్నారు. అటు నీళ్ల ట్యాంకు నీడ. రెండు పలకలు తగ్గించమన్నారు. తగ్గిస్తే ఇంటికి చాలదు. రెహానా చెరిపి మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది. చివరికి సుద్దముక్క కింద పెట్టి అడిగింది.

"పనికిరాని గొట్టమే కదా బాబాయ్ గారూ, ఎందుకింత పట్టుదల?"

ఆయన నా గొట్టం మీద చెయ్యి వేశారు.

"బొమ్మ ఎప్పుడో వచ్చేసేదమ్మా. నేనే రాలేదనేవాణ్ని. వచ్చిందంటే మా ఆవిడ కిందికి దిగాలి. దిగితే మళ్లీ పొయ్యి దగ్గరికే. పొద్దుటినుంచీ ఆమెకు కాస్త గాలి ఆడేది ఇక్కడే."

నాకు తల తిరిగిపోయింది. మరి నా సిగ్గంతా, నేను పడ్డ తిట్లన్నీ?

అన్నం చల్లారిపోతోందని పిలవడానికి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి, సుభాషిణిగారు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకు తెలుసులెండి" అంది. "నిజంగా రానప్పుడు విసుక్కుంటూ అరిచేవారు. అబద్ధమాడేటప్పుడు మెల్లిగా చెప్పేవారు."

ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నీళ్ల ట్యాంకు వైపు తిరిగారు. ఆవిడ వచ్చి, పాత అలవాటున నన్ను ఆనుకుని కాసేపు నిలబడింది. తర్వాత రెహానాతో చెప్పింది.

"తీయించెయ్యమ్మా. ఇప్పుడు నన్ను దిగమనేవాళ్లెవరున్నారు?"

నా కడ్డీలు పాత సామాన్లవాడి తట్టలోకి పోయాయి. గొట్టాన్ని మాత్రం రెహానా కోయించి, మెట్ల గోడకు బిగించింది. రెండు వరుసల మధ్య ఇద్దరు కూర్చునేంత చోటు కూడా వదిలింది. ఇప్పుడు రోజూ సాయంత్రం సుభాషిణిగారు నన్ను పట్టుకుని పైకెక్కుతుంది, వెనక ఆయన. అదే చెయ్యి, కాస్త గరుకెక్కింది అంతే.

ఇన్నేళ్లూ నేను చేతకానిదాన్నని కుమిలిపోయాను. బొమ్మ వచ్చేదట.