సభలో దగ్గు

జేలీ మార్బే చిన్నప్పుడే బొరినాజ్ ప్రాంతంలో ఒక బొగ్గుగనిలో పనికి చేరింది. పైకొచ్చిన బొగ్గులోంచి రాళ్లు ఏరడం అక్కడి ఆడపిల్లల పని. సమ్మెల్లో మాట్లాడటం నేర్చుకుంది. సోషలిస్టు పార్టీ తరఫున నిలబడి, గెలిచి, బ్రస్సెల్స్‌లో పార్లమెంటుకు వెళ్లింది. అప్పటికి భర్త ఒగుస్త్ లేడు. ఊపిరితిత్తుల నిండా రాతిధూళి చేరి, పడుకుంటే ఊపిరాడక, కుర్చీలో కూర్చునే పోయాడు. అది గని వల్ల వచ్చిన జబ్బు కాదని కంపెనీ డాక్టరు తేల్చేశాడు.

గని వల్లేనని చట్టం ఒప్పుకుని పెన్షను ఇవ్వాలని జేలీ బిల్లు పెట్టింది. వీగిపోయింది. మళ్లీ పెట్టింది. ఈసారి సర్కారులో తన పార్టీకీ వాటా ఉంది. అయినా ఓటింగు ముందురోజు తన పార్టీ మంత్రి దెల్వో ఆమెను పిలిపించాడు.

"జేలీ, ఈ ఏడాదికి ఊరుకో. మిత్రపక్షం అలిగితే సర్కారు పడిపోతుంది."

"సర్కారు పడితే మళ్లీ లేపుకోవచ్చు కామ్రేడ్. మావాళ్లు పడితే లేవరు."

"వచ్చే ఎన్నికల్లో మన అభ్యర్థుల జాబితాలో నీ పేరు ఎక్కడికి పోతుందో తెలుసా? పైనున్నవాళ్లే గెలిచేది."

"అడుగున పెట్టుకోండి. అడుగున పనిచేయడం మా ఊరికి కొత్తేం కాదు."

మర్నాడు జేలీ గనిపని మానేసిన ముసలివాళ్లను వెంట తీసుకెళ్లింది. ఒగుస్త్ పక్కనే బొగ్గు తవ్విన ఫిర్మెన్ సందర్శకుల గ్యాలరీ మెట్ల మధ్యలో ఆగిపోయాడు.

"ఒసే జేలీ, మమ్మల్ని ఇక్కడే చంపుతావుటే?"

"ఎక్కు బావా. పైన కూర్చుంటే చాలు, మాట్లాడక్కర్లేదు."

"మాట్లాడ్డానికి ఊపిరుంటేగా."

కంపెనీల తరఫు సభ్యుడొకడు లేచి, ఈ జబ్బు గురించి గోరంతను కొండంత చేస్తున్నారన్నాడు. పైన ఫిర్మెన్‌కు దగ్గు తెర వచ్చింది. పక్కవాడికి, ఆ వెనకవాడికి కూడా వచ్చింది. మాట వినబడక ఆ సభ్యుడు ఆగిపోయాడు. వాళ్లను బయటికి పంపమన్నాడు అధ్యక్షుడు.

జేలీ లేచింది. "వాళ్లు మీ మాట ధిక్కరించడం లేదు అధ్యక్షా. ఆపుకోవడం వాళ్ల చేతుల్లో లేదు. మా వీధిలో ప్రతి ఇంట్లో వినేది ఇదే. కాసేపు మీరూ వినండి."

దగ్గులు ఆగేదాకా ఆమె కూర్చోలేదు. దెల్వో తలెత్తలేదు.

ఆ రోజూ బిల్లు ఓడింది. అభ్యర్థుల జాబితాలో జేలీ పేరు నిజంగానే అడుగుకు పోయింది. ఆమె గడపగడపా ఎక్కింది. జనం వెతికి మరీ ఆ పేరు మీదే గుర్తు పెట్టి గెలిపించారు. కొత్త సభలో బిల్లు నెగ్గేసరికి ఫిర్మెన్ లేడు. అతని భార్యకు పెన్షను వచ్చింది. అయితే అదే ధూళి పీల్చే రాళ్లగనుల వాళ్లను చట్టంలోంచి తప్పించారు.

అభినందించడానికి వచ్చిన దెల్వో చేయి పట్టుకుని జేలీ వదల్లేదు. "కూర్చోండి కామ్రేడ్, వాళ్ల సంగతి మాట్లాడదాం" అంది.