ఎన్ని వారాలో అంత బీపీ

నెలలు నిండని పిల్లల వార్డులో మాకో లెక్క ఉంది: బిడ్డ ఎన్ని వారాలకు పుడితే సగటు బీపీ కనీసం అంత ఉండాలి. ఉజ్జాయింపే. కానీ కిలో కూడా తూగని బిడ్డ విషయంలో అదే దిక్కు. ఆ పూట నేను ఓ బిడ్డ చేతికి చుట్టిన బీపీ పట్టీ నా చిటికెన వేలికైనా బిగుతే. మిషన్ ఇరవై ఏడు చూపించింది.

"ఇరవై ఆరు వారాల బిడ్డేగా, పర్లేదు," అంది డాక్టరమ్మ. అన్నదే గానీ అక్కణ్నుంచి కదల్లేదు. బిడ్డ కాళ్లు చల్లగా ఉన్నాయి, డైపరు పొడిగా ఉంది. బీపీ పెంచే మందు ఉంది. అవసరం లేకుండా ఎక్కిస్తే లేత మెదడులో నరం చిట్లొచ్చు. ఆవిడ బిడ్డ అరికాలు తిప్పి చూసింది. గీతలు పడుతున్నాయి. ఇరవై ఆరు వారాలకి నున్నగా ఉండాలి.

"వారాలు సరిగ్గానే చెప్పారా అమ్మా? మొదట్లో స్కానింగ్ కూడా తీయించలేదు."

అడిగింది తల్లిని. జవాబిచ్చింది అత్తగారు. ఆవిడ ఉన్నచోట ఇంకొకరి నోటికి పనుండదు.

"పెళ్లయి ఆర్నెల్లు. వేళ్ల మీద లెక్కే కదమ్మా! మా ఇంట్లో పిల్లలకి తొందరెక్కువ. వీడి నాన్నా ఏడో నెల్లోనే పుట్టాడు."

తల్లి ఇంక్యుబేటర్‌లోకి చెయ్యి పెట్టి ఆ చల్లటి పాదం పట్టుకుంది. చెప్పేదేదో చెప్పి చావు తల్లీ అని అరవాలనిపించింది నాకు.

"ముప్పై వారాలు," అంది చివరికి, అత్తగారి వైపు చూడకుండా. "పెళ్లికి ముందే... నాకు తేదీ బాగా తెలుసు డాక్టర్."

ముప్పైకి ఇరవై ఏడు చాలదు. డాక్టరమ్మ మందు రాసింది, నేను ఎక్కించాను. కొంతసేపటికి మిషన్ ముప్పై రెండు చూపించింది. పాదాలు వెచ్చబడ్డాయి. ఆ తల్లి మాత్రం తల దించేసుకుంది. అత్తగారు ఏమంటుందోనని నేనూ చెవులు రిక్కించాను, అబద్ధమెందుకు.

ఆవిడ మనవణ్ని చాలాసేపు చూసింది. తర్వాత కోడలి భుజం మీంచి జారిన శాలువా సర్దింది.

"ఏడో నెల్లో పుట్టిన మీ ఆయన," అంది మెల్లగా, "మూడున్నర కిలోలున్నాడే."