సిస్టర్ అన్నారని

పుట్టడమే నెల ముందుగా పుట్టింది కాబట్టి ఇంట్లో అందరూ ఆ పిల్లను తొందరమ్మ అనేవారు. అడగకముందే జవాబు చెప్పడం, పొయ్యి వెలిగించకముందే కంచం పెట్టుకోవడం ఆమెకు ఉగ్గుపాలతో వచ్చిన విద్యలు. అలాంటి తొందరమ్మ కూడా ఒక్క విషయాన్ని మాత్రం ఎటూ తేల్చకుండా నానుస్తూ వచ్చింది. నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది. అది వేరే ఊళ్ళో ఉంది, మూడేళ్ళు హాస్టల్లో ఉండాలి. ఇక్కడేమో పిన్ని పనిచేసే ఆస్పత్రిలో ఆయా ఉద్యోగం సిద్ధంగా ఉంది. నాలుగు రోజులు చూసుకోమని పనిలోకి రానిచ్చారు కూడా. ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా చేరుతున్నట్టు ఫోన్ చేయకపోతే సీటు తర్వాతి పిల్లకు ఇచ్చేస్తామని స్కూలువాళ్ళు తెగేసి చెప్పారు.

అమ్మది ఒకటే పాట. "అక్కడికెళ్ళి చదివితే ఏమంటారే నిన్ను? సిస్టర్ అంటారు. ఇక్కడేమంటున్నారు? సిస్టరే! ఊరికే వచ్చేదానికి మూడేళ్ళెందుకు?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆస్పత్రివాళ్ళిచ్చిన నీలం కోటు తొడుక్కుని వార్డులో నిలబడితే చాలు, రోగుల తాలూకు వాళ్ళందరికీ ఆమె సిస్టరే. మొదటిసారి ఎవరో అలా పిలిచినప్పుడు తొందరమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని పిలుస్తున్నారో అని. ఆ తర్వాత పిలుపు సగంలో ఉండగానే "ఆ" అనడం అలవాటైంది.

అమ్మ అసలు భయం వేరు. అదీ తొందరమ్మకు తెలుసు. నాన్న పెట్టె సర్దుకుని పనికని వెళ్ళి, ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అమ్మమ్మ చిన్న సంచీతో ఆస్పత్రికి వెళ్ళింది, సంచీ ఒక్కటే తిరిగొచ్చింది. అప్పటినుంచీ ఎవరు పెట్టె దించినా అమ్మ ముఖం కత్తి వాటుకు నెత్తురుచుక్క లేనట్టయిపోతుంది. కూతురు ఆస్పత్రి పనికి వెళ్తున్న ఈ నాలుగు రోజులూ పని వేళ అయిపోకముందే వచ్చి గేటు బయట బల్ల మీద కాపలా కూర్చుంటుంది.

పిన్ని మొదటిరోజే చెప్పింది. "ఎవరేమడిగినా నీ జవాబు ఒక్కటే. సిస్టర్‌ని అడగండి. జ్వరం ఎంతుందన్నా అదే, మందెప్పుడన్నా అదే."

"మరి టైమెంతయిందని అడిగితే పిన్నీ?"

"గోడమీద గడియారం చూపించు. నోరు మాత్రం తెరవకు. నీ నోరు సంగతి నాకు తెలుసు తల్లీ."

ఆ రోజు పొద్దున తొందరమ్మ మగవాళ్ళ వార్డులో దుప్పట్లు మారుస్తోంది. కిటికీ పక్క మంచం మీద ఇళ్ళు కట్టే మేస్త్రి ఉన్నాడు. కడుపులో రాళ్ళకు ఆపరేషన్. ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి ఆగిపోయింది, ఇంకోసారి డాక్టరు రాక ఆగిపోయింది. మేస్త్రి భార్య స్టూలు మీద ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"సిస్టర్! పొద్దుట్నుంచీ నాలుక పిడచకట్టుకుపోతోందంటున్నాడు. ఫ్లాస్కులో పాలున్నాయి. రెండు గుక్కలు పట్టించనా?"

గడ్డం దాకా మాసిన దుప్పట్లు మోస్తున్న తొందరమ్మ, "ఆ, పట్టించండి. రెండు గుక్కలేగా పాపం!" అంది. అని, ఎవరికో మేలు చేసిన తృప్తితో దుప్పట్ల గదికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి మంచం పక్కన స్ట్రెచర్ ఉంది. దాన్ని తోసే బక్కమనిషి, బస్సులో టికెట్లు అడిగినట్టు ఎటో చూస్తూ అడిగాడు. "పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నారా, తాగారా?"

"ఏమీ లేదు బాబూ. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అంది మేస్త్రి భార్య.

మేస్త్రి పైకప్పు కేసి చూస్తున్నాడు. ఆయన మీసం చివర తెల్లగా ఉంది.

పాలు తాగితే ఏమవుతుందో తొందరమ్మకు తెలియదు. కానీ అడిగారంటే ఏదో అవుతుందన్నమాట. ఆవిడ అబద్ధమాడిందంటే అది ఆవిడకూ తెలుసన్నమాట. నోరు తెరవబోయేలోగా స్ట్రెచర్ కదిలింది. ఆ వెనకే వెళ్ళబోతే మేస్త్రి భార్య మణికట్టు పట్టుకుంది.

"సిస్టర్, మీకు దణ్ణం పెడతాను. చెప్పకండి. రెండుసార్లు వెనక్కి పంపారు. ఈసారి కూడా పంపితే ఈ మనిషి మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కడు. నాకు తెలుసు." గొంతు తగ్గించింది. "అయినా పట్టించమంది మీరేగా!"

దణ్ణమూ బెదిరింపూ ఒకే నోట్లోంచి వచ్చాయి. తొందరమ్మ చెయ్యి విడిపించుకుని వరండాలోకి పరుగెత్తింది. అక్కడ పిన్ని బకెట్‌లో తడిగుడ్డ పిండుతోంది.

"పిన్నీ, ఆపరేషన్‌కి ముందు పాలు తాగితే ఏమవుతుంది?"

"సిస్టర్‌ని అడు..." అలవాటుకొద్దీ అనబోయి, పిల్ల ముఖం చూసి పిన్ని ఆగిపోయింది. "ఎవరు తాగారే? నువ్వు పట్టించమన్నావా? నీ నోట్లో మన్ను పొయ్యా! సరే, ఊరుకో. రెండు గుక్కలకేం కాదులే." గుడ్డ మళ్ళీ పిండింది, దాంట్లో నీళ్ళే లేవు. "అవుతుందేమో కూడా. నాకేం తెలుసు?"

అంతవరకు పిన్నికి తెలియనిది ఆస్పత్రిలో ఏదీ లేదనుకుంది తొందరమ్మ.

లిఫ్టు తలుపులు మూసుకుపోయాయి. తొందరమ్మ మెట్లెక్కింది. ఎక్కుతుంటే మనసు వెనక్కి లాగుతూనే ఉంది. చెప్తే ఉద్యోగం పోతుంది, పిన్ని తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఆ మనిషి మామూలుగానే లేచి కూర్చుంటాడేమో. ఆ 'ఏమో' వల్లే కాళ్ళు ఆగడం లేదు.

పైన థియేటర్ తలుపు దగ్గర పెద్ద సిస్టర్ స్ట్రెచర్ లోపలికి తీసుకుంటోంది.

"ఆగండి! ఆయన పాలు తాగాడు."

స్ట్రెచర్ ఆగింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

"ఎప్పుడు?"

"ఇందాకే. నేను దుప్పట్లు మారుస్తున్నప్పుడు."

"ఎవరు పట్టించమన్నారు?"

"నేనే."

పెద్ద సిస్టర్ నీలం కోటును పైనుంచి కిందికి చూసింది. "నువ్వెవరు?"

అంత చిన్న ప్రశ్నకు జవాబు లేక నీళ్ళు నమలడం తొందరమ్మ బతుకులో అదే మొదలు. "ఆయా పనికి కొత్తగా వచ్చానండి."

"మరి నువ్వెందుకు చెప్పావు?"

"సిస్టర్ అన్నారని."

స్ట్రెచర్ మనిషి ఫక్కున నవ్వాడు. పెద్ద సిస్టర్ నవ్వలేదు. "మత్తిచ్చాక ఆ పాలు పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మత్తులో ఉన్నవాడు దగ్గలేడు. అప్పుడు ఏమంటారో తెలుసా మనల్ని? ఆ మాట సిస్టర్ అంత బాగుండదు." స్ట్రెచర్ మనిషి వైపు తిరిగింది. "కిందికి తీసుకుపో. పంపించెయ్యం, సాయంత్రం చేస్తామని వాళ్ళావిడకు చెప్పు."

తొందరమ్మ అక్కడే నిలబడింది. "నన్ను మానెయ్యమంటారా అండీ?"

"చెప్పడానికి మెట్లెక్కి వచ్చావుగా. మానక్కర్లేదు. రేపు రా. ఎవరేమడిగినా నోరు మాత్రం తెరవకు. అంతే నీ పని."

తలుపు మూసుకుంది. ఉద్యోగం నిలబడ్డందుకు ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఆ 'నోరు తెరవకు' అనే మాట పిన్ని అన్నప్పుడు తమాషాగా ఉంది, ఇప్పుడు తాళం వేసినట్టుంది. రేపు ఎవరో అడుగుతారు. ఎల్లుండి ఇంకెవరో. పచ్చి నిజం తన కళ్ళముందే పడి ఉన్నా అది నిజమో కాదో తెలియకుండా, తడిగుడ్డ పిండుకుంటూ నిలబడాలి.

కింద వార్డులో మేస్త్రి భార్య ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. "ఇదిగో అమ్మాయ్, నిన్నే. ఆ కిటికీ వెయ్యి" అంది. సిస్టర్ అనలేదు.

పని వేళ అయిపోయాక పిన్ని దుప్పట్ల గదిలోకి లాక్కెళ్ళింది. అంతా విని, దుప్పటి అంచులు సరిచేసింది.

"వెళ్దామనుంది కదూ?"

"ఊ."

"అయితే మీ అమ్మతో ఉద్యోగం తీసేశారని చెప్పు. పాలు పట్టించినందుకు తీసేశారంటే నమ్ముతుంది. ఆస్పత్రిని నాలుగు తిట్టుకుని తనే పంపిస్తుంది. పామూ చస్తుంది, కర్రా విరగదు."

"మరి నీకు కోపం లేదా?"

"నేను పదిమంది ముడ్లు కడిగి పెద్దదాన్నయ్యాను, సిగ్గేం లేదు నాకు. కానీ ఇందాక నువ్వడిగితే నాకు తెలియలేదు చూడు, అది కాస్త గుచ్చుకుంది." ముక్కు చీదింది. "పో, స్కూల్లో ఆఫీసు మూసేస్తారు."

అమ్మ గేటు బయట బల్ల మీద ఉంది. కూతురు కోటు లేకుండా రావడం చూసి లేచింది. "ఏమైంది? ముఖం అలా ఉందేం? తీసేశారా?"

ఆ అబద్ధం నోటిదాకా వచ్చి నిలబడింది. ఎంత తేలిక! అమ్మే అందించింది, తను ఊ అంటే చాలు.

"లేదమ్మా. తీసెయ్యలేదు. రేపు రమ్మన్నారు. నేనే రాను. స్కూల్లో చేరతాను."

అమ్మ మళ్ళీ కూర్చుంది. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళింది. అది వాళ్ళ బస్సే.

"నేనేం చేశానే నీకు?"

"నువ్వేం చేయలేదు. ఇవాళ నా మాట విని ఒకాయన చచ్చిపోయేవాడు."

"అయితే మాట్లాడకు! ఇంట్లో ఉండి మాట్లాడకుండా ఉండలేవూ?"

"నేనా?" అంది తొందరమ్మ.

అమ్మకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "మీ నాన్న కూడా ఇలాగే నిలబడి చెప్పాడు. కూర్చుని చెప్పలేదు."

తొందరమ్మ పక్కన కూర్చుంది. అమ్మ చెయ్యి పట్టుకుందామనుకుంది, పట్టుకుంటే ఫోన్ చేయలేనని పట్టుకోలేదు. నంబరు నొక్కింది. అవతల చాలాసేపు మోగింది. ఆఫీసు మూసేశారేమో అనిపించింది. అమ్మ కళ్ళలో అదే ఆశ కనిపించి అటు చూడలేకపోయింది.

చివరికి ఎవరో ఎత్తారు.

"సీటు వచ్చిందండీ. చేరుతున్నాను. ఆ, తప్పకుండా వస్తాను."

అమ్మ రోడ్డు కేసి చూస్తూ వింది. కూతురు ఫోన్ పెట్టేయబోతుంటే గబుక్కున మోచెయ్యి పట్టుకుంది. "పెట్టెయ్యకు. అడుగు. హాస్టల్లో గది తలుపుకి గడియ లోపలుందా, బయటుందా?"

"ఏంటమ్మా?" అంది అవతలి గొంతు.

"గడియండీ, గడియ! లోపలుంటుందా, బయటా? మా అమ్మ అడుగుతోంది."

"అది నాకేం తెలుసమ్మా? ఉండు, కనుక్కొస్తాను."

తల్లీ కూతుళ్ళు ఫోనుకు చెరో పక్క చెవి ఆనించి కూర్చున్నారు. అవతల ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.