పాలసొర సంచి

అప్పాయమ్మ మా గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. సముద్రం ఒడ్డున జాలరిపేట నుంచి మేముండే సీతమ్మధార దాకా నెత్తిన చేపల బుట్టతో వచ్చేది. మెట్టు మీద కూర్చుని, బుట్ట మీద తడిగుడ్డ కప్పి, ఆ తర్వాతే నోరు విప్పేది. లోపల దండెం మీద నేను కుట్టిన పట్టు జాకెట్లు వేలాడుతుంటాయి కదా, వాటికి వాసన పడుతుందని ఆవిడ భయం.

తొంభై ఏడు వేసవిలో ఒక రోజు బుట్ట లేకుండా వచ్చింది. బుట్ట లేని అప్పాయమ్మని నేను అంతకుముందు చూడలేదు.

"అమ్మా, నువ్వు సంచులు కుడతావేటి?"

"నాను టైలర్నే గాని సంచుల కొట్టు కాదు. నీకు సంచెందుకు?"

"జిప్పున్నది కావాల. గాలి కూడా బయటికి రాకూడదు."

విషయం ఏమిటంటే, ఆవిడ కూతురు ఈశ్వరి రాయపూర్లో ఉంటుంది. అల్లుడికి సముద్రం పడలేదు, అక్కడ వెల్డింగు పనిలో కుదిరాడు. ఈశ్వరిని కాన్పుకి తీసుకొద్దామనుకునేలోగా నెల తక్కువలోనే పురుడు వచ్చేసింది. ఆడపిల్ల. తల్లికి పాలు పడటం లేదు. డబ్బా పాలు పడితే బిడ్డ కక్కేస్తోంది. ఎస్టీడీ బూత్ నుంచి అల్లుడు ఏడుస్తూ చెప్పాడట.

బాలింతకు పాలు పడాలంటే మా వైపు పాలసొర వండి పెడతారు. మూరెడు పొడవుండే చిన్న సొర చేప అది. నేను సబ్బవరంలో పొలాల మధ్య పెరిగినదాన్నే అయినా, నా పురుళ్ళలో మా అమ్మ నాకూ అదే పెట్టింది. అప్పాయమ్మ ఉప్పు పట్టించి ఎండబెట్టిన సొరలు సిద్ధం చేసుకుంది. వాటిని రైల్లో చేర్చడమే కష్టం.

"అది కడుపుతో ఉన్నప్పుడు ఎండురొయ్యలు మూట కట్టి అట్టుకెల్లినానమ్మా. పెట్టెలో అందరూ ముక్కులు మూసుకున్నారు. నన్ను తలుపుకాడ నిలబెట్టీసినారు. రాయగడ దాటినాక ఎవడో మూట కిటికీలోంచి ఇసిరీసినాడు. ఉత్త సేతుల్తో ఎల్లినాను. ఈశ్వరి ఏటీ అడగలేదు గాని, నా సేతులేపు సూసింది. ఈసారి ఇసిరేత్తే పిల్ల బతకదమ్మా."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రైలు పెట్టెలో నేను లేకపోయానే అనిపించింది. ఆ కోపంలోనే లేచి ద్వారకా నగర్ వెళ్ళి మందపాటి రెక్సిన్, పెద్ద పళ్ళ జిప్పు తెచ్చాను. పైకి మా పాత పరదా గుడ్డ తీశాను. నీలం మీద గులాబీలు. ఆ సంచి పట్టుకున్న మనిషి పెళ్ళికి వెళుతోందనుకోవాలి గాని చేపలు మోస్తోందని ఎవరికీ తట్టకూడదు.

మర్నాడు అప్పాయమ్మ కొలతకని ఒక సొరను కాగితంలో చుట్టి తెచ్చి, మెట్టు మీదే కూర్చుంది. నేను పరదా గుడ్డకీ లోపలి రెక్సిన్‌కీ మధ్య జిప్పు పెట్టి కుట్టాను. సంచిని ఎప్పుడూ లోపలి వైపు బయటికి ఉంచి పక్కలు కుట్టి, చివర్లో జిప్పు నోట్లోంచి తిరగలాగాలి. అందుకని జిప్పు లాగే రన్నర్ని సగం దాకా తీసి ఉంచాను. ఇంతలో పొయ్యి మీద పప్పు పొంగింది. "కాస్త పట్టుకో," అని సంచి అప్పాయమ్మ చేతికిచ్చి వంటింట్లోకి పరుగెత్తాను.

తిరిగొచ్చి సంచి అందుకుని, పక్కలూ అడుగూ మిషన్ మీద ఏకబిగిన తొక్కేశాను. తిరగలాగబోతే నోరు లేదు. జిప్పు ఈ చివర నుంచి ఆ చివరకు మూసి ఉంది. దాన్ని లాగే రన్నర్ కాస్తా లోపల ఉండిపోయింది.

"ఇది ఎవరు మూశారు?"

అప్పాయమ్మ మొహం చిన్నబోయింది. "నానేనమ్మా. నోరు తెరిసి ఉంటే నా సెయ్యి ఊరుకోదు. ఇళ్ళ మధ్యకొచ్చినాక దేన్నైనా మూసెయ్యడమే నాకు అలవాటు."

తిడదామని తెరిచిన నోరు మూసుకున్నాను. అందులో ఆవిడ తప్పేముంది? ఇన్నేళ్ళూ బుట్ట తెరిచి ఉంటే ఏదో ఒక గుమ్మం నుంచి కసురుడే కదా వినబడింది.

గుడ్డయితే కుట్టు విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. రెక్సిన్ అలా కాదు, సూది దిగిన చోటల్లా చిల్లు అలాగే ఉండిపోతుంది. చిల్లులోంచి వాసన రానే వస్తుంది. ఆ మాట అంటే అప్పాయమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏడవకు. లోపలికొచ్చి ఈ కొస పట్టుకో."

"లోపలికా? జాకెట్లమ్మా..."

"జాకెట్ల సంగతి నాను సూసుకుంటాను. రా."

చీర కుచ్చెళ్ళు బిగబట్టుకుని వచ్చి, మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ కొస పట్టుకుంటే నేను బ్లేడుతో రెండు వేళ్ళు దూరేంత కుట్టు విప్పాను. వేళ్ళు పెట్టి రన్నర్ని తడుముకుని లాగి జిప్పు తెరిచాను. తర్వాత పాత కుట్టుకు అరవేలు లోపలగా చుట్టూ కొత్త కుట్టు వేశాను. చిల్లులన్నీ కుట్టు అవతల మిగిలిపోయాయి. కొత్త కుట్టు పొడవునా కొవ్వొత్తి కరిగించి రుద్దాం. తిరగలాగి చూస్తే సంచి కాస్త ఇరుకైంది.

"ఒక సొర తగ్గుద్దేమో," అన్నాను.

"తగ్గనీ అమ్మా. సేరితే సాలు."

అప్పాయమ్మ పేటకెళ్ళి మిగతా సొరలు తెచ్చాక, పట్టినన్ని తాటాకులో చుట్టి సంచిలో పెట్టి జిప్పు వేశాం. పరీక్ష చెయ్యకుండా పంపే మనిషిని కాను నేను. పైవాటాలో మా ఇల్లుగలావిడ సూర్యకాంతమ్మ గారుంటారు. కింద గుడ్డు ఉడికితే పైన పసిగట్టే ముక్కు ఆవిడది. జాకెట్ అయిందని కబురు పెట్టి, సంచి పక్కనే కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుని కోడలి సంగతులన్నీ చెప్పుకున్నారు. గోడ వారన అప్పాయమ్మ ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. వెళ్ళబోతూ సూర్యకాంతమ్మ గారు సంచి వైపు చూశారు.

"ఈ గులాబీల సంచి బావుంది తాయారూ. కాశీ వెళ్ళేటప్పటికి నాకూ ఒకటి కుట్టి పెట్టు."

ఆవిడ మెట్లెక్కాక మేమిద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వుతూనే అప్పాయమ్మ ఏడ్చింది. ఆ సాయంత్రమే రాయపూర్ పాసింజర్ ఎక్కింది.

తర్వాత నాకు మిషన్ మీద మనసు నిలవలేదు. రాయగడ దాటిందా, ఎవరైనా ముక్కు మూసుకున్నారా అని ఒకటే బెంగ. నేను కుట్టిన వస్తువు కోసం అలా బెంగపడటం అదే మొదలు.

వానలు మొదలయ్యాక అప్పాయమ్మ బుట్టతో వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను కత్తెర పడేసి వెళ్ళాను.

"పాలు పడినాయమ్మా," అంది. "నా మనవరాలు గుంటది ఒళ్ళు సేసింది. పోలిక మా ఈశ్వరిదే."

"రైల్లో?"

"ఎవరూ ఏటీ అనలేదు. పక్కనొకావిడ సంచి మీద తలెట్టుకుని నిద్రోయింది. ఎవరి పెళ్ళికని కూడా అడిగింది." చెబుతుంటేనే ఆవిడ మొహం వెలిగింది.

అప్పుడు గమనించాను. ఆవిడ చేతిలో గులాబీల సంచి లేదు. "సంచేది? అప్పుడే చింపీసినావా?"

"ఈశ్వరి ఇవ్వలేదమ్మా. సొరలైపోయినాయి, సంచి కడిగి అట్టుకెల్తానంటే సెయ్యి అడ్డమెట్టింది. ఉత్త సంచికి జిప్పేసి మంచం కింద ఎట్టుకుంది. ఊరు గుర్తొచ్చినప్పుడు కుసింత జిప్పు తీసి, మొహం దాంట్లో ఎట్టి, మల్లీ మూసేత్తాది. మన పేట వాసనమ్మా అంటాది."

ఆ వాసన ఎవరి ముక్కుకూ సోకకూడదని నేను కొవ్వొత్తి కూడా రుద్దానే.

"ఎన్నాల్లుంటాదే ఆ వాసన, పోద్ది కదా అన్నానమ్మా," అంది అప్పాయమ్మ. "ఈశ్వరేమో, తాయారమ్మగోరు కుట్టిన జిప్పమ్మా, పోదు అంది."