కమాను మీద గాజుపట్టీ

గాజు పగిలితే కంగారుపడేవాళ్ళు లోకం నిండా ఉన్నారు. గాజు పగలనందుకు కంగారుపడింది మాత్రం పాత కచేరీలో ఇంజనీరమ్మ ఒక్కతే.

పాత కచేరీ పేరుకు తగ్గట్టే పాతది. కట్టించినవాళ్ళు పోయారు, వాళ్ళ తరవాత ఏలినవాళ్ళూ పోయారు, సున్నపు గోడలు మాత్రం నిలిచాయి. నడుమ పెద్ద హాలు, హాలుకు అడ్డంగా ఏనుగు నడిచిపోయేంత కమాను, దాని కింద బల్లలు, బల్లల వెనక గుమాస్తాలు. ఈ భవనం బాగోగులు చూసే ఉద్యోగం ఇంజనీరమ్మది. ఏ కిటికీ వానాకాలం బిగుసుకుపోతుందో, ఏ గోడ ఎండకు పొట్టు రాలుస్తుందో కన్నపిల్లల జ్వరాలు తెలిసినట్టు ఆమెకు తెలుసు. కూలగొట్టి అద్దాల మేడ కడదామని పైవాళ్ళు ముచ్చటపడినప్పుడు చెప్పులరిగేలా తిరిగి, దాన్ని కాపాడవలసిన భవనాల్లో చేర్పించింది కూడా ఆమే.

పోయిన వేసవిలో కప్పు కారుతోందని కంట్రాక్టరు చేత మరమ్మతు చేయించారు. ఆ తరవాతి వానలకు కమాను నడినెత్తిన సన్నటి పగులు కనిపించింది. పాత గోడలకు పగుళ్ళు కొత్త కాదు. అది నిద్రపోతున్న పగులా, నడుస్తున్న పగులా అన్నదే తేలాలి. అందుకని పగులుకు అడ్డంగా గాజుపట్టీలు పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ముద్దతో అతికిస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. ఇటుక ఓర్చుకుంటుంది, సున్నం సర్దుకుంటుంది. గాజుకు మొహమాటం తెలియదు.

పెట్టిన కొత్తలోనే ఒకటి పగిలింది. ఆ రోజు ఇంజనీరమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ప్లాస్టర్ ఆరేటప్పుడు బిగుసుకుందేమోనని తనకు తానే సర్దిచెప్పుకుని మర్నాడు ఇంకోటి పెట్టింది. అప్పటినుంచి ఒక్కటీ పగల్లేదు. అన్నీ బాగున్నాయని పెద్దాఫీసరుకు చెప్పింది కూడా. భవనాన్ని ఉంచాలా వద్దా తేల్చే కమిటీ గురువారం వస్తుంది. పట్టీలు నిలిస్తే కచేరీ నిలిచినట్టే. పగిలితే హాలు ఖాళీ చేయించాలి, ఖాళీ భవనం మీద గద్దలు వాలడానికి ఎంతసేపు?

సోమవారం ఉదయం పట్టీల మీద దుమ్ము తుడుద్దామని నిచ్చెన ఎక్కింది.

మధ్య పట్టీ తుడిచింది. గుడ్డ ఆగిపోయింది. గాజు అంచున, ఎన్నో ఏళ్ళు దేని కిందో నలిగినట్టు, పసుపుపచ్చని గీత. తను పెట్టింది దుకాణం నుంచి తెచ్చిన కొత్త గాజు. దానికి ఈ మరక ఎక్కడిది? ప్లాస్టర్ ముద్ద చూసింది. తనకు బొటనవేలితో నొక్కి వదిలేసే అలవాటు. ముద్ద మీద గుంట పడుతుంది. ఇక్కడ గుంట లేదు. చెంచా వెనకవైపుతో రాసినట్టు నున్నగా ఉంది. కింది పట్టీ చూసింది, అదీ అంతే.

"ఏమమ్మా ఇంజనీరమ్మగారూ, పైన కాయలేమైనా పండాయా? మాకూ రెండు విసరండి," అన్నాడు కింద నుంచి హెడ్డుగుమాస్తా.

"పండాయి గానీ, కొరకడానికి మీకు ఊడని పళ్ళుండాలిగా," అంది, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ.

అందరూ నవ్వారు. ఆమె మొదట అనుమానించింది ఆ హెడ్డుగుమాస్తానే. లిఫ్టున్న కొత్త భవనం కోసం ఆయన కలలు కంటున్నాడని అందరికీ తెలుసు. కానీ ఆయనకు కావలసింది పట్టీలు పగలడం. ఇక్కడ ఎవరో పగిలినవి తీసేసి మంచివి పెడుతున్నారు. పగలగొట్టేవాడికన్నా అతికించేవాడు ప్రమాదం. పగలగొడితే భవనం మీద నింద పడుతుంది, అతికిస్తే మనుషుల మీద కమాను పడుతుంది.

పట్టీలు పగలకపోతే ఎవరికి లాభం? కప్పు మరమ్మతు చేసిన కంట్రాక్టరుకు. కంట్రాక్టరు దగ్గర ఆ పని చేయించిన సూపర్‌వైజరు ఎవరు? తన ఆడపడుచు కొడుకు. ఈ నిచ్చెన ఉండే కొట్టు తాళం ఎవరి దగ్గరుంటుంది?

ఆమె కిందికి చూసింది. సరిగ్గా కమాను కింద, రికార్డు గది గుమ్మం పక్కన ఉన్న బల్ల వెనక నుంచి ఆమె మొగుడు పైకి చూస్తున్నాడు. రికార్డు గది గుమాస్తా ఆయన. కచేరీ తాళాలన్నీ ఆయన నడుముకే వేలాడతాయి కనక అందరూ తాళాలాయన అంటారు. భార్య చూపు తగలగానే ఆయన తల దించుకుని, కట్టిన ఫైలు తాడునే విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు ఆమె దిగాక.

"ఏం కాలేదు. దుమ్ము."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోవడం కాదు, పట్టుకోవడానికి చెయ్యి రాదని ఆ పూట ఆమెకు తెలిసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆ మేనల్లుడే ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. సంచీ నిండా పళ్ళు. ఊరికే వచ్చే మనిషి కాదు. ఊరికే వచ్చినా ఉత్తచేతుల్తో వచ్చే మనిషి.

"ఏం అల్లుడూ, ఇవాళ గాలి ఇటు మళ్ళింది?"

"మీరు మరీను అత్తయ్యా. అమ్మమ్మను చూసి చాలా రోజులైందని."

"నీ కళ్ళు అమ్మమ్మ మీద కన్నా గుమ్మం మీదే ఉన్నాయిరా, మీ అత్త ఎప్పుడొస్తుందా అని," అంది మూల కుర్చీలోంచి అత్తగారు. వయసు పైబడినా ఆవిడ చూపుకు ఇంకా పదునుంది.

ఇంజనీరమ్మ చెప్పులు విప్పుతూ, యథాలాపంగా అన్నట్టు అంది. "కమాను పట్టీలన్నీ బాగున్నాయి. ఇవాళ చూశాను."

"హమ్మయ్య," అన్నాడు మేనల్లుడు. ఆ వెంటనే, "దగ్గర్నుంచే చూశారా?" అని అడిగాడు.

"దూరం నుంచి చూస్తే ఏం కనపడుతుంది?"

"అదే... అదే అంటున్నా." గ్లాసులో నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేశాడు. కాసేపటికి పనుందని లేచాడు.

వాడు వెళ్ళాక అత్తగారు గోడవైపు చెయ్యి చూపించింది. "అమ్మాయ్, మీ మామగారి మొహం మీద దుమ్ము పడుతోంది, చూశావా? ఫోటోకు అద్దం లేదు. ఏమైందిరా అంటే పగిలిందంటాడు నీ మొగుడు. పగిలితే పెంకులుండొద్దూ? ఇల్లు ఊడ్చేదాన్ని నేను. ఒక్క పెంకు నా చీపురుకు తగల్లేదు. అద్దం అలా ఆవిరైపోతుందా, లేక మీ మామగారే పట్టుకుపోయాడా?"

ఇంజనీరమ్మ ఫోటో దగ్గరికి వెళ్ళింది. చట్రం లోపలి అంచున వేలు పెట్టి రుద్దింది. వేలికి అంటిన మరక పసుపుపచ్చగా ఉంది.

ఆ రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. ఆయన పప్పు వేసుకున్నాడు, మళ్ళీ వేసుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి తన దగ్గర ఏదైనా దాచాడా అని వెతికింది. చెప్పకుండా తాగిన టీలు తప్ప ఏమీ దొరకలేదు. మరి మేనల్లుడు ఏం ఆశ పెట్టాడు? ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఆయన ఉలిక్కిపడి "సరిపోయింది, సరిపోయింది," అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

మంగళవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయేదాకా ఆగింది. కొట్టు తాళం అడిగింది.

"ఇప్పుడెందుకు? రేపు నేను తీస్తాలే," అన్నాడాయన.

"కిటికీ గడియ చూడాలి. ఇవ్వండి. మీరు నడుస్తూ ఉండండి, వెనకే వస్తాను."

ఆయన ముందు వేరే తాళం విప్పి, తరవాత అసలుది ఇచ్చాడు. ఆమె పాత పట్టీలన్నీ గీకి తీసేసి, తన దుకాణం గాజుతో కొత్తవి పెట్టింది. బొటనవేలితో నొక్కింది. ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళాక తాళం ఆయనకు తిరిగిచ్చేసింది.

బుధవారం తెల్లారి, టిఫిను కూడా తినకుండా కచేరీకి వెళ్ళింది. మొగుడు అప్పటికే ఇంట్లో లేడు. నడకకు వెళ్ళాడని అత్తగారు చెప్పింది.

హాలు తలుపు ఓరగా తెరిచి ఉంది. నిచ్చెన మీద ఆయన. చేతిలో వంటింటి చెంచా. నోట్లో, దర్జీ సూదులు పెట్టుకున్నట్టు, సన్నటి గాజుముక్క. మధ్య పట్టీ నిలువునా రెండుగా విడిపోయి ఉంది.

"దిగండి," అంది.

ఆయన నోట్లోంచి గాజుముక్క తీసి, జేబులో పెట్టుకోవాలో చేత్తో పట్టుకోవాలో తోచక అలాగే నిలబడ్డాడు.

"పడిపోతారు. దిగండి."

దిగాడు. ఆమె అడిగింది. "ఇలా ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టలేదు. పగిలినప్పుడల్లా."

"పగిలినప్పుడల్లా! ఎన్ని నెలల నుంచి?"

"అలా అరవకు. నువ్వా రోజు అన్నం మానేశావు, గుర్తుందా? గోడవైపు తిరిగి పడుకున్నావు. రెండోసారి పగిలింది పొద్దున్నే నేను ముందు చూశా. ఇన్నేళ్ళు నిలబడ్డ భవనం, ఒక గాజుపెంకు పగిలిందని దీన్ని కూలగొడతారా అనిపించింది. నాన్న ఫోటో అద్దం ఉంది కదా అని..."

"కత్తిరించడం ఎవరు నేర్పారు?"

"గాజు దుకాణంవాడు కోసిచ్చాడు."

"మీ అక్క కొడుకు అడిగాడా, పెట్టమని?"

ఆయన చెంచాకు అంటిన ప్లాస్టర్ గోటితో గీకాడు. "అడగలేదు. పగలకుండా ఉంటే అందరికీ మంచిది మామయ్యా అన్నాడు. అంతే."

"అంతేనా!" నవ్వు వచ్చింది ఆమెకు, ఏడుపులాంటి నవ్వు. కమాను కిందున్న కుర్చీ చూపించింది. "ఇందులో రోజూ కూర్చునేదెవరు?"

"నేనే."

"కూర్చుని పైకి చూస్తూ ఏమనుకునేవారు? గాజు మార్చేస్తే గోడ కదలడం మానేస్తుందనా?"

ఆయన పైకి చూశాడు. పగులు ఇప్పుడు వెంట్రుకలా లేదు. రాత్రికి రాత్రే చిన్న నాణెం అంచు దూరేంత విచ్చుకుంది. ఆయన మొహం పాలిపోవడం ఆమె చూసింది. మోసం చేసినవాడి మొహం అలా పాలిపోదు. ప్రమాదమని తెలిసే చేశాడన్న అనుమానం అక్కడితో చచ్చిపోయింది. మిగతాది అలాగే ఉంది.

గుమాస్తాలు వచ్చేసరికి హాలు తలుపుకు అడ్డంగా బల్ల పెట్టి ఉంది. "లోపలికి ఎవరూ రావద్దు. ఫైళ్ళు తరవాత, ముందు ప్రాణాలు," అంది. హెడ్డుగుమాస్తా ఏదో ఛలోక్తి విసరబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు.

గురువారం కమిటీ పక్క భవనంలో కూర్చుంది. పెద్దాఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పట్టీలన్నీ బాగున్నాయని మొన్నే చెప్పారు కదమ్మా?"

"చెప్పానండి. నేను చూసినవి నేను పెట్టినవి కావు. పగిలినవి తీసేసి ఎవరో కొత్తవి పెడుతూ వచ్చారు. కమాను కదులుతోంది. మరమ్మతు అప్పుడు పాత కప్పు తవ్వకుండా దాని మీదే కొత్త కాంక్రీటు పోసి ఉంటారని నా అనుమానం. ఆ బరువుకు కమాను కాళ్ళు పక్కకు జరుగుతున్నాయి. ముందు కింద ఊతాలు పెట్టి, కప్పు తెరిచి చూడాలి. పగిలిన రోజే తెలిసుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"ఇంకెవరు మారుస్తారు? ఆ కంట్రాక్టరు మనుషులే," అన్నాడు కమిటీలో ఒకాయన, అప్పుడే కలం తీస్తూ.

తల ఊపితే చాలు. అంతా నమ్ముతారు. సగం నిజం కూడాను. వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి తాళాలు కిటికీలోంచి కనపడుతున్నాయి. ఆయన ఉద్యోగం, ఆడపడుచుతో మాటలు, రేపటినుంచి ఈ కచేరీలో తన మొహం, అన్నీ ఆ ఒక్క తల ఊపులో ఉన్నాయి. కానీ అలా తల ఊపితే, రేపు కంట్రాక్టరు కాదని రుజువు చేసుకుంటాడు. అప్పుడు కమాను కదులుతోందన్న తన మాటా అబద్ధమే అంటారు. మళ్ళీ ఆ బల్లల వెనక మనుషులొచ్చి కూర్చుంటారు.

"కాదండి," అంది. "మార్చింది మా ఇంటాయన. రికార్డు గది గుమాస్తా. నేను బాధపడుతున్నానని మార్చానంటున్నారు. ఎందుకు మార్చినా మార్చింది ఆయనే."

పెద్దాఫీసరు గొంతు సవరించుకున్నాడు. తాళాలు అప్పగించి సంజాయిషీ రాసివ్వాలన్నారు. హాలు మూసేసి ఊతాలు పెట్టాలన్నారు. కప్పు తెరిచి చూశాకే నిలపడమా కూల్చడమా అన్న మాట అన్నారు. కూల్చడం అన్న మాట దగ్గర ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకోవడం ఆమె గమనించింది. ఆ చూపుల్ని మనసులో ఓ పక్కన పెట్టుకుంది.

బస్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. తాళాల బరువు పోయాక ఆయన నడుము దగ్గర చొక్కా వదులుగా కనిపించింది.

"అక్క ఫోను చేసింది," అన్నాడు. "నీ పెళ్ళాం నిన్ను నడిబజారులో నిలబెట్టిందంది."

"మీరేమన్నారు?"

"నిలబడే ఉన్నాను, పడిపోలేదుగా అన్నాను."

నవ్వొచ్చినా నవ్వలేదు ఆమె. "ఒక్కటి చెప్పండి. నిజంగా నాకోసమేనా? లేక వాడికోసమా?"

ఆయన బస్సు వచ్చే వైపు చూశాడు. "నీకోసమే మొదలుపెట్టాను."

మొదలుపెట్టడం సరే. మరి ఆపకపోవడం? ఆ మాటకు ఇంకో సగం ఉందని ఆమెకు తెలుసు, అందులో మేనల్లుడు ఉన్నాడని కూడా తెలుసు. బస్సు వచ్చి ఆగింది.

"నువ్వెక్కు. నేను నడిచొస్తా," అన్నాడు.

"ఎక్కండి," అంది, ఆయన మోచెయ్యి పట్టుకుని. "దారి పొడుగునా టైముంది. మిగతాది చెబుదురుగాని."