ఐదంగుళాలు తక్కువైన ఇరుసు

జనార్ధనరావు మీద భార్య సరోజ ఫిర్యాదు పెద్దదేమీ కాదు. తాగిన కాఫీ కప్పు సింకు దాకా తీసుకెళ్ళమంటే నడుము పట్టేసే మనిషికి, కారు కిందకి దూరమంటే మాత్రం ఆ నడుము ఎక్కడ లేని హుషారుగా వంగుతుంది. ఈ మంచుదేశంలో, సార్నియాలో ముప్ఫై ఏళ్ళు కెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మగవాళ్ళు గోల్ఫ్ ఆడుకుంటారు, లేదా బీపీ చూసుకుంటారు. ఈయన 1970 నాటి మజిల్ కారొకటి, పెద్ద ఇంజనుతో రంకెలు వేసే రకం, కొనుక్కొచ్చి గరాజులో ప్రతిష్ఠించారు. అప్పట్నుంచి సరోజ కారు వాకిట్లోనే ఉంటోంది.

వేసవంతా ఆమె ఏమీ అనలేదు. ఇప్పుడు నవంబరు. శుక్రవారం మంచు పడుతుందని రేడియోలో చెబుతున్నారు. పోయినేడాది కారు అద్దం మీద మంచు గీకి గీకి ఆమె భుజం పట్టేసింది. నెల్లాళ్ళు జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. ఈసారి మంచు పడేలోగా గరాజు తనకి కావాలి. అంతకుమించి ఆమె అడిగిందేమీ లేదు.

"వెనక యాక్సిల్ ఒక్కటి మార్చనీ. బండి బయటికొచ్చేస్తుంది, నీ గరాజు నీదే," అన్నారాయన.

ఇంజనుకి బలం పెంచారట. పాత ఇరుసు ఆ బలానికి తట్టుకోలేక కీచుమంటోందట. ఇంకా దిట్టమైనది వెయ్యాలట. రెండు నెలలు వెతికారు. ఒకటి తుప్పు ముద్ద. ఒకటి వేరే బండిది. ఇంకొకాయన రేపు రమ్మని చెప్పి ఫోనెత్తడం మానేశాడు. చివరికి స్కార్‌బరోలో రాఘవయ్య అనే గుడివాడ ఆయన దగ్గర ఒకటుందని తెలిసింది.

"యాభై రెండంగుళాలట! మన బండిదీ సరిగ్గా యాభై రెండే!"

అద్దె వ్యానులో మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్ళారు. ఇరుసు చూపించే ముందే రాఘవయ్య భార్య మీనాక్షి పెళ్ళిపీటలొక్కటే తక్కువన్నట్టు విస్తళ్ళు వేసింది. పులిహోర, గోంగూర, పప్పుచారు. జనార్ధనరావు గోంగూర మూడుసార్లు వేయించుకున్నారు.

గరాజులోకి వెళ్ళాక సరోజ మెల్లిగా గొణిగింది. "టేపు జేబులోనే ఉందిగా. కొలవరూ?"

"తిన్న ఇంట్లో టేపు తీసి కొలుస్తామా? ఏమనుకుంటారు?"

నిజానికి ఆమెకీ అలాగే అనిపించింది. అప్పటికే చేతిలో మీనాక్షి పెట్టిన ఆవకాయ సీసా ఉంది మరి.

కొత్తది వచ్చేసిందన్న ధీమాతో ఇంటికి రాగానే ఆయన పాతదాన్ని ఊడదీసి పాత ఇనుము వాడికిచ్చేశారు. మర్నాడు కొత్తది బిగించబోతే చెరోవైపు రెండున్నర అంగుళాలు తక్కువైంది. టైరు లోపలికి దూరి స్ప్రింగుని ఒరుసుకుంటోంది, తిరగదు. కారు వెనక కాళ్ళు లేకుండా స్టాండ్ల మీద కూర్చుంది. ఇక ముందుకూ రాదు, వెనక్కీ పోదు.

"మోసం! పప్పుచారు పోసి గొంతు కోశాడు! తెలుగు అసోసియేషన్ గ్రూపులో పెడతాను."

"పెట్టండి. గోంగూర ఎన్నిసార్లు వేయించుకున్నారో కూడా రాయండి."

ఫోన్లో రాఘవయ్య మర్యాదగానే మాట్లాడాడు. "ఇంకా వెడల్పుది నా దగ్గరుందండీ. మావాడు గురువారం ట్రక్కేసుకుని అటే వస్తున్నాడు, పంపిస్తాను. కాకపోతే మీరు కొలత ఎక్కణ్ణించి ఎక్కడికి తీశారో చెప్పండి. మళ్ళీ తేడా రాకూడదు కదా."

"నన్ను కొలత అడుగుతాడా! ముప్ఫై ఏళ్ళు ఇంజనీర్ని!" అని ఈయన ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చెయ్యలేదు. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది.

బుధవారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే సరోజ గరాజులోకి వెళ్ళి ఆయన నోటుబుక్కు తెరిచింది. బీఎస్సీలో లెక్కలు చదివింది, బొమ్మంటే భయం లేదు. ఇరుసు బొమ్మ ముచ్చటగా వేశారు, రెండు రంగుల్లో, ఈ కొస నుంచి ఆ కొసకి బాణం గీసి 52 అని రాసి. పక్కనే రాఘవయ్య మొదట్లో పంపిన మెసేజీ పెట్టుకుని చూసింది. అందులో 'చక్రం ఆనే చోటి నుంచి చక్రం ఆనే చోటికి, 52' అని స్పష్టంగా ఉంది.

తల తుడుచుకుంటూ వచ్చిన ఆయనకి బుక్కు చూపించింది.

"జాకెట్టు కుట్టేముందు, కొలత కుట్టు దగ్గరిదా, గుడ్డ అంచుదా అని అడుగుతామండీ. మీ బాణం ఎక్కడ ఆగింది?"

"ఇరుసు గొట్టం చివర."

"చక్రం ఎక్కడ బిగిస్తారు?"

ఆయన కళ్ళజోడు తీశారు. తువ్వాలుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకుని చూశారు. బాణం కదల్లేదు.

"బ్రేకులూ అవీ... అవతల ఉంటాయనుకో," అన్నారు.

"చెరోవైపు ఎంతుంటాయేం?"

ఆయన పెన్సిలు తీసి బాణాన్ని చెరోవైపు రెండున్నర అంగుళాలు బయటికి జరిపారు. సరోజ రాఘవయ్య నంబరు నొక్కి, స్పీకరు ఆన్ చేసి, ఫోను కారు బానెట్ మీద పెట్టింది.

"చెప్పండి జనార్ధనరావుగారూ! టిఫినయిందా?"

"ఆఁ... అయిందండీ. మీ దగ్గర చలి ఎలా..."

సరోజ ఆయన మోచేతి మీద చిన్నగా గిల్లింది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి చాల్లేదు, రెండోసారీ సవరించుకున్నారు.

"రాఘవయ్యగారూ, నాక్కావలసింది మీ లెక్కలో యాభై ఏడండీ. నేను గొట్టం చివర్నించి కొలిచాను. మీరు మోసం చేశారని ఇంట్లో నానా మాటలూ అన్నాను కూడా. తప్పు మీది కాదు. నాదేనండీ."