భోజనాల బల్ల దగ్గర విమానం

దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే ఇప్పటికీ ఆమె నోటికి ఆ మాటలే వస్తాయి. "ఎక్కు, ఎక్కు!"

ఆమె భర్త పైలట్. ఏటా పరీక్ష దగ్గరపడగానే భోజనాల బల్ల ముందు నిటారుగా కూర్చుని గరిటె పట్టుకునేవాడు. అదే విమానం నడిపే కర్ర. ఎదురుగా ఇంకో విమానం దూసుకొస్తే హెచ్చరించే యంత్రం ఆమె. ఆయన తెల్లచొక్కాలు ఇస్త్రీ చేస్తూ చేస్తూ, ఆయన ఏమరుపాటుగా ఉన్నప్పుడు "ఎక్కు, ఎక్కు!" అని అరవాలి. అరవగానే, విమానాన్ని పైకి లేపుతున్నట్టు గరిటె మెల్లగా వెనక్కి వచ్చేది. "గట్టిగా లాగితే వెనకవాళ్ళ కాఫీ ఒళ్ళో పడుతుందోయ్" అని నవ్వేవాడు. కాపురం మొత్తంలో ఆయన ఆమె మాట మారుమాట్లాడకుండా విన్నది ఆ కుర్చీలోనే. అందుకే కాబోలు, ఆ పరీక్షల కోసం ఆయనకంటే ఆమే ఎక్కువ ఎదురుచూసేది.

"కింద విమానాశ్రయంలో ఉండే కంట్రోలరు దిగమంటే?" అని అడిగింది ఓసారి.

"అయినా యంత్రం మాటే వినాలి. ఎదుటి విమానంలో యంత్రం వాణ్ణి దిగమంటూ ఉంటుంది కదా, ఇద్దరం దిగితే ఇద్దరం పోతాం. ముందు ఎక్కెయ్యాలి, తర్వాత కిందకి చెప్పాలి. అనుమతి అడుగుతూ కూర్చుంటే అంతే సంగతులు."

ఆ మనిషే స్నేహితులు వచ్చినరోజు, కాఫీలు అందిస్తున్న ఆమెను చూపించి, "మా ఇంట్లోనూ ఓ హెచ్చరిక మోగుతూనే ఉంటుంది. కాకపోతే దీని స్విచ్ నా దగ్గరుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది. కప్పులు మాత్రం ఆ రోజు రెండుసార్లు కడిగింది.

ఆయన పోయాక ఆయన గదికి తాళం పడింది. విమానం నడపడం నేర్చుకుంటున్న ఓ అమ్మాయి ఆ గది అద్దెకు అడిగింది. ఇల్లు తన పేరునే ఉన్నా, అలవాటు చొప్పున ఆమె "మా మరిదిని అడిగి చెప్తాను" అని అతనికి ఫోన్ చేసింది.

"అన్నయ్య గది పరాయివాళ్ళకా? నేనొచ్చాక చూద్దాం. అప్పటిదాకా తాళం తియ్యకండి వదినా."

"అలాగే" అంది. అంది గానీ, దుప్పటి అంచు మడుస్తుంటే నోటికి మళ్ళీ "ఎక్కు, ఎక్కు!" అనే వచ్చింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వెళ్ళి తాళం తీసింది. కిటికీలు తెరిచింది. ఆయన చొక్కాలు మూటగట్టి, గరిటె మాత్రం పైట చెంగుతో తుడిచి బల్లమీద ఉంచింది.

రమ్మన్న కబురందుకుని సాయంత్రం అమ్మాయి పెట్టెతో దిగింది. గుమ్మంలోనే ఆగి, "మీ మరిదిగారు ఒప్పుకున్నారా పిన్నిగారూ?" అంది.

ఆమె ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, గరిటె చేతికిచ్చింది.

"ముందు ఎక్కేశాం కదమ్మా" అంటూ ఫోన్ అందుకుంది. "ఇప్పుడు చెప్తాను."